మంచం పక్కన ధమ్మం



ఈసారి మనం మాట్లాడుకోవాల్సిన ప్రశ్న ఇది. భార్యాభర్తల్లో ఒకరు నెలల తరబడి ఆసుపత్రి మంచం మీద ఉండిపోతే రెండోవాళ్ళు చేయాల్సింది ఏమిటి? డబ్బు సర్దడం, మందులు తేవడం, రాత్రిళ్ళు కాపలా కాయడం అందరూ చేసేవే. వాటితో పాటు ధమ్మం మన నుంచి ఇంకేం అడుగుతుంది?

మూడేళ్ళ క్రితం నా భార్య 79 రోజులు ఆసుపత్రిలో ఉంది. అందులో 31 రోజులు ఐసీయూలోనే. నేను బడిపంతుల్ని. మా ఊరి విహారంలో పదేళ్ళుగా ప్రతి ఆదివారం మైత్రి గురించి, కరుణ గురించి చెబుతూ వచ్చినవాణ్ణి. చెప్పడం ఎంత తేలికో ఆ 79 రోజుల్లో నాకు తెలిసొచ్చింది. అక్కడ నేను చేసిన తప్పులు కూడా దాచుకోకుండా చెబుతాను. మీలో ఎవరికైనా ఆ రోజులు వస్తే పనికొస్తాయి.

మొదట పాదాలు తిమ్మిరెక్కాయంది. రెండో రోజుకి మెట్లు ఎక్కలేకపోయింది. నాలుగో రోజుకి చేతులు కూడా లేవలేదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఊపిరి అందడం లేదు. గులియన్ బారే జబ్బు అన్నారు డాక్టర్లు. బయటి క్రిములతో పోరాడాల్సిన మన రక్షణ శక్తి పొరపాటున మన నరాల మీదే పడుతుందట. అంతకు రెండు వారాల ముందు ఆమెకు విరేచనాలు పట్టుకుని తగ్గాయి. అలాంటి మామూలు జబ్బు తర్వాత కొద్దిమందికి ఇలా అవుతుందనీ, చాలామంది కోలుకుంటారు గానీ నెలలు పడుతుందనీ చెప్పారు. గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి, గొట్టం పెట్టి, వెంటిలేటర్ తగిలించారు. మాట లేదు, కాళ్ళూ చేతులూ కదలవు. మనసు మాత్రం పూర్తి మెలకువలో ఉంది. అన్నీ వింటోంది, అందర్నీ చూస్తోంది.

చుట్టాలు వరసగా వచ్చారు. ఏ జన్మలో చేసుకున్న పాపమో అన్నారు కొందరు. ఒకాయన గుడికి వెళ్ళడం మానేసినందుకు అన్నాడు, ఇంకొకాయన చర్చికి వెళ్ళడం మానేసినందుకు అన్నాడు. ఇద్దరూ మా వాళ్ళే.

సంయుత్త నికాయంలో సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి ఇదే అడుగుతాడు. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వం చేసినదాని ఫలమేనా అని. బుద్ధుడు ఒప్పుకోడు. పిత్తం, శ్లేష్మం, వాతం, రుతువుల మార్పు, అజాగ్రత్త, పరుల దాడి అంటూ కారణాలు ఒక్కొక్కటే లెక్కపెడతాడు. ఆ వరసలో కర్మ ఒకటి మాత్రమే. అంతా పూర్వకర్మే అనేవాళ్ళు కళ్ళముందు కనబడేదాన్ని దాటిపోయి మాట్లాడుతున్నారంటాడు. బాబాసాహెబ్ తన 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో ఇంకా గట్టిగా నిలదీశారు. మనిషి కష్టాన్ని పోయిన జన్మకు ముడిపెట్టేస్తే సమాజానికీ, రాజ్యానికీ ఇక బాధ్యతే లేకుండా పోతుందన్నారు.

ఈ మాటలు నేను సభల్లో చాలాసార్లు చెప్పాను. వాటి అవసరం ఐసీయూలో తెలిసింది. "పాపం" అన్న మాట అక్కడ ఎవరి చెవిన పడుతోంది? వేలు కూడా కదపలేని మనిషి చెవిన. నొప్పి ఒకటి అనుభవిస్తున్న మనిషికి, ఆ నొప్పికి తగినదానివే నువ్వు అని రెండో నొప్పి తగిలించడం అది. అందుకని మంచం పక్కన ఆ మాట రానివ్వకుండా చూడ్డమే మొదటి సేవ. ఆమె చెవి దగ్గరకు వంగి, డాక్టర్లు చెప్పింది చెప్పినట్టు చెప్పాను. విరేచనాల వల్ల వచ్చింది, నువ్వేం తప్పు చేయలేదు అని. ఆమె కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

అంతవరకూ బాగానే చేశాను. తర్వాత తప్పు చేశాను.

తొమ్మిదో రోజు మా అత్తమ్మ తాయెత్తు పట్టుకొచ్చింది. ఐసీయూ తలుపు దగ్గరే ఆపేశాను. "మేం బౌద్ధులం. 22 ప్రతిజ్ఞలు చేసినవాళ్ళం. ఇలాంటివి ఇక్కడికి తేవద్దు" అని నలుగురిలో గట్టిగా అన్నాను. ఆమె ఏమీ అనలేదు. మెట్ల మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను మాత్రం ధమ్మాన్ని నిలబెట్టాననుకున్నాను. రెండు నెలల తర్వాత నా భార్యకు మాట వచ్చాక ఆ సంగతి ఎత్తింది. "తాయెత్తు వద్దన్నావు, సరే. నేనైనా వద్దనేదాన్నే. మా అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని, కాస్త టీ తాగించి చెప్పొచ్చు కదయ్యా" అంది. నా దగ్గర జవాబు లేదు. ప్రతిజ్ఞ నిలబెట్టుకోవడం వేరు, దాన్ని కర్రలా ఎత్తడం వేరు. సమ్మా వాచా కూడా మన అష్టాంగ మార్గంలోదే.

ఐసీయూలోకి రోజుకి రెండుసార్లు పది నిమిషాలు చొప్పున వదిలేవాళ్ళు. మిగతా పొద్దంతా వరండాలో చాప మీద. ఆ పది నిమిషాల్లో నేను రోజూ అనే మాటలు రెండే. "ఏం కాదు. ధైర్యంగా ఉండు." ఆమె కళ్ళు మాత్రం రోజురోజుకీ కంగారుపడుతున్నాయి. చావు భయం అనుకున్నాను. అనిత్యం గురించి కూడా రెండు ముక్కలు చెప్పాను. ఆమె మొహం తిప్పుకోలేదు, తిప్పుకోగలిగితే తిప్పుకునేదే.

ఒకరోజు వరండాలో కూర్చుని ఉంటే నకులమాత కథ గుర్తొచ్చింది. అంగుత్తర నికాయంలో ఉంది. భగ్గ దేశంలో సుంసుమారగిరి దగ్గర నకులపిత, నకులమాత అనే దంపతులుండేవాళ్ళు. నకులపితకి పెద్ద జబ్బు చేసింది. ఇక బతకడనుకున్నారు. అప్పుడు నకులమాత ఆయన మంచం దగ్గర కూర్చుని, మనసులో దిగులు పెట్టుకుని పోవద్దంటుంది. అంతటితో ఊరుకోదు. ఆ దిగులు ఏమేమై ఉంటుందో ఒక్కొక్కటే బయటికి తీస్తుంది. పిల్లల్ని ఎలా సాకుతుందో అనుకుంటున్నావేమో, నూలు వడకడం, ఉన్ని దువ్వడం నాకు వచ్చు, సాకుతాను అంటుంది. ఇంకొకరి ఇంటికి పోతానేమో అనుకోకు అంటుంది. శీలం తప్పుతానేమో, ధమ్మంలో నిలవనేమో అన్న దిగులు కూడా వద్దంటుంది. ప్రతి దిగులుకీ ఒక జవాబు. నకులపిత కోలుకుని, కర్ర పట్టుకుని బుద్ధుడి దగ్గరికి వెళ్తాడు. ఇలాంటి తోడు దొరకడం నీకు పెద్ద లాభమని బుద్ధుడు ఆయనతో అంటాడు.

ఆ కథ నేనూ చాలాసార్లు చెప్పినవాణ్ణే, ఆదర్శ దాంపత్యం అని. ఆవిడ చేసిన పని ఏమిటో మాత్రం గమనించలేదు. ఆవిడ ధైర్యం చెప్పలేదు. ఆయన దిగులేమిటో పట్టుకుంది.

మర్నాడు ఐసీయూ సిస్టర్‌ని అడిగితే ఒక పద్ధతి చెప్పింది. కళ్ళు గట్టిగా మూస్తే అవును, పైకి చూస్తే కాదు. నేను అడగడం మొదలుపెట్టాను. పాప కాలేజీ ఫీజా? పైకి చూసింది. చీటీ డబ్బులా? పైకి. ఇంటి అద్దెనా? పైకి. పది నిమిషాలు అయిపోయాయి. సాయంత్రం మళ్ళీ అడిగాను. మూడోసారి వెళ్ళినప్పుడు "కుట్టు మిషనా?" అన్నాను. కళ్ళు గట్టిగా మూసింది. ఇంటి దగ్గర జాకెట్లు కుడుతుంది ఆమె. పెళ్ళిళ్ళ రోజులు. 14 మంది ఇచ్చిన జాకెట్ గుడ్డలు బీరువాలో ఉండిపోయాయి. జనం ఏమనుకుంటారో అని ఆమె దిగులు. ప్రాణం గొట్టం మీద ఉంటే జాకెట్ల దిగులేమిటని మీరు అనుకోవచ్చు. అది ఆమె మాట, ఆమె మర్యాద. ఆ రాత్రే పాపా నేనూ గుడ్డలు తీసి, ఎవరివి వాళ్ళ ఇళ్ళకు తీసుకెళ్ళి ఇచ్చాం. నలుగురు తీసుకోలేదు. ఆమె లేచాకే కుట్టమనండి, ఆగుతాం అన్నారు. ఆ మాట చెప్పినప్పుడు ఆమె మొహం తేటపడింది.

వారం తర్వాత ఇంకో ప్రశ్న అడగాల్సి వచ్చింది. అప్పటికి మా వైపు పెద్దమనిషి ఒకాయన నాతో అన్నాడు. "డిశ్చార్జి అయ్యాక వాళ్ళమ్మ దగ్గర దింపు. నువ్వెంతకని చూస్తావు?" మనకు తెలియని సంగతి కాదు ఇది. భార్యకు పెద్ద జబ్బు చేస్తే పుట్టింట్లో దింపి రావడం మన వాడల్లోనూ ఉంది. ఏడాది తిరక్కుండా ఇంకో పెళ్ళి చేసుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆ మాట తలుపు అవతల ఆమెకి వినబడి ఉండదు. కానీ ఆమె ఈ లోకంలోనే పెరిగింది కదా. "నేను నిన్ను వదిలేస్తాననా?" అని అడిగాను. చాలాసేపు నా వైపు చూసింది. తర్వాత కళ్ళు మూసింది. గట్టిగా, చాలాసేపు తెరవకుండా మూసింది.

ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మనిషి. ఆ భయం ఆమెకి నా మీద అనుమానం వల్ల రాలేదు. ఆడదానికి మన సమాజం నేర్పిన లెక్క అది. ఆ లెక్క తప్పని మాటతో రుజువు కాదు. రోజూ వచ్చి కూర్చోవడమే రుజువు.

ఐసీయూ నుంచి ఆడవాళ్ళ వార్డుకి మార్చారు. రాత్రి ఎనిమిది దాటితే మగవాళ్ళు ఉండకూడదు. రాత్రిళ్ళు మా వదిన ఉండేది. పగలు నేను. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. బెడ్ ప్యాన్ పెట్టాలి, తీయాలి, తుడవాలి. మొదటిరోజు నాకు వాంతి వచ్చినంత పనైంది. బయటికి వెళ్ళి కుళాయి దగ్గర నిలబడ్డాను.

వినయ పిటకంలో ఒక సంఘటన ఉంది. విరేచనాల జబ్బుతో ఒక భిక్షువు తన మలమూత్రాల్లోనే పడి ఉంటాడు. ఎవరూ దగ్గరికి రారు. బుద్ధుడు, ఆనందుడు ఆ గదికి వస్తారు. బుద్ధుడు నీళ్ళు పోస్తే ఆనందుడు కడుగుతాడు. ఇద్దరూ తలవైపు ఒకరు, కాళ్ళవైపు ఒకరు పట్టుకుని మంచం మీద పడుకోబెడతారు. తర్వాత భిక్షువుల్ని పిలిచి, నాకు సేవ చేయాలనుకునేవాడు రోగికి చేయాలని చెబుతాడు. మలమూత్రాలు ఎత్తే పని మన తాతలకి కులం పేరుతో అంటగట్టింది ఈ దేశం. ఆ పనిని ఒక కులానికి రాసిపెట్టకుండా తన చేత్తో చేసినవాడు మన గురువు. అది గుర్తొచ్చాక మళ్ళీ లోపలికి వెళ్ళాను.

అక్కడే సేవ చేసేవారి లక్షణాలు ఐదు చెబుతాడు బుద్ధుడు. మందు సిద్ధం చేయడం రావాలి. రోగికి ఏది పడుతుందో, ఏది పడదో తెలియాలి. లాభం కోసం కాకుండా మైత్రితో చేయాలి. మలం, మూత్రం, ఉమ్మి, వాంతి ఎత్తడానికి ఏవగించుకోకూడదు. సమయం చూసి ధమ్మం మాటలతో మనసుకి ఊరట ఇవ్వాలి. ఈ వరస చూడండి. ధమ్మ ప్రసంగం చివర ఉంది. నేను మొదట దానితోనే మొదలుపెట్టాను.

వార్డులో నాకు పేరొచ్చింది. పక్క మంచం ముసలమ్మ నా భార్యతో "ఏ నోము ఫలమో తల్లీ, బంగారంలాంటి మొగుడు" అనేది. ఆయాలు కూడా మెచ్చుకునేవాళ్ళు. వినడానికి బాగానే ఉండేది. ఒకరోజు మందుల చీటీ కోసం ఎదురుగా ఉన్న మగవాళ్ళ వార్డులోకి వెళ్ళాను. దాదాపు ప్రతి మంచం పక్కనా ఒక ఆడమనిషి. భార్యో, తల్లో, కూతురో. నేను చేసే పనులే చేస్తున్నారు. రాత్రిళ్ళు మంచం కింద పడుకుంటున్నారు. వాళ్ళని బంగారం అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. అందరిచేతా తిట్లు కూడా తింటున్నారు.

ఆరోజు సిగ్గుపడ్డాను. కుష్ఠురోగి అయిన భర్తని భుజాన ఎత్తుకుని వేశ్య ఇంటికి మోసుకెళ్ళిన సుమతి కథని ఈ సమాజం పతివ్రతా ధర్మం అని పొగిడింది. అలా భార్యని మోసిన భర్త కథ మనం చిన్నప్పుడు విన్నామా? ధమ్మంలో ఆ లెక్క లేదు. సిగాలుడికి చెప్పిన సుత్తంలో భార్యకి భర్త చేయాల్సినవి ఐదు, భర్తకి భార్య చేయాల్సినవి ఐదు. భర్త చేయాల్సినవే ముందు చెప్పాడు. 1888లో మహాత్మా ఫూలేకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఎడమచేత్తో రాయడం నేర్చుకుని ఆయన తన ఆఖరి పుస్తకం పూర్తిచేశారు. ఆ రోజుల్లో పక్కన ఉన్నది సావిత్రీబాయి. 1897లో ప్లేగు రోగులకి సేవ చేస్తూ ఆ జబ్బుతోనే ఆమె కన్నుమూసింది. ఆమెను మనం తల్లీ అంటున్నాం. ఆమె చేసినదాంట్లో సగమైనా మగవాళ్ళం చేయడానికి సిద్ధంగా ఉన్నామా?

రోగికీ ఐదు లక్షణాలు చెప్పాడు బుద్ధుడు. తనకి పడనిది చేయకపోవడం, పడేది కూడా మితంగా తీసుకోవడం, మందు వేసుకోవడం, బాధ ఓర్చుకోవడం ఒక ఎత్తు. తనకి ఎలా ఉందో సేవ చేసేవారికి ఉన్నదున్నట్టు చెప్పడం ఇంకో ఎత్తు. నా భార్య ఇక్కడ తప్పింది. మాట వచ్చాక నడుం కింద మంట పుడుతున్నా చెప్పలేదు. "నువ్వు అలిసిపోయావు కదాని" అంది. అప్పటికే పుండు మొదలైంది, మానడానికి మూడు వారాలు పట్టింది. ఆడవాళ్ళ ఓర్పుని మనం ఎంత మెచ్చుకుంటామో! ఆ మెప్పే ఆమె నోరు నొక్కింది.

ఇక చెప్పడానికి కష్టమైన సంగతి. 50 రోజులు దాటాక ఒక రాత్రి ఆసుపత్రి బయట బల్లమీద పడుకుని ఉన్నాను. సగం జీతం సెలవు నడుస్తోంది. అప్పు పెరుగుతోంది. ఇది ఎలాగోలా అయిపోతే బాగుండు అనిపించింది. ఎలాగోలా అంటే ఏమిటో నాకు తెలుసు. లేచి కూర్చున్నాను. మర్నాడు మా విహారంలో పెద్దాయన ఒకరు చూడ్డానికి వస్తే చెప్పేశాను.

ఆయన తిట్టలేదు. "ఆ ఆలోచన వచ్చాక పొద్దున్నే ఎక్కడికెళ్ళావు?" అన్నాడు.

"వార్డుకే."

"చేతనే కర్మ అన్నాడు బుద్ధుడు. ఆలోచన వచ్చింది, పోయింది. నీ కాళ్ళు వార్డు వైపు నడిచాయి. అది నీ చేతన. ముందు ఇంటికెళ్ళి రెండు రోజులు నిద్రపో. మా ఆవిడ, వాళ్ళ చెల్లెలు వచ్చి కూర్చుంటారు."

నేను వెళ్ళాను. పద్నాలుగు గంటలు నిద్రపోయాను. తిరిగి వచ్చాక నా భార్య నన్ను చూసి, "ఇప్పుడు మనిషిలా ఉన్నావు" అంది.

సేవ చేసేవాళ్ళ గురించి ఇంకొక్క మాట. బాబాసాహెబ్ మధుమేహంతో, కాళ్ళ నరాల నొప్పులతో ఎంతో బాధపడ్డారు. 1948 నుంచి ఆఖరి రోజు దాకా డాక్టర్ సవితా అంబేడ్కర్ ఆయన్ని కనిపెట్టుకుని ఉన్నారు. తన ఆఖరి గ్రంథానికి రాసుకున్న ముందుమాటలో బాబాసాహెబ్ ఆమెకీ, డాక్టర్ మాల్వంకర్‌కీ కృతజ్ఞత చెప్పుకున్నారు. 1957లో పుస్తకం వచ్చినప్పుడు ఆ ముందుమాట అందులో లేదు. ఆయన పోయాక ఆమెను మనవాళ్ళే కొందరు అనుమానించారు. ఆమె ఆ నింద మోస్తూ బతికారు. మంచం పక్కన కూర్చున్నవాళ్ళని అడగాల్సింది తిన్నారా, పడుకున్నారా అని. రోగి పోతే వాళ్ళని దోషుల్లా చూడకూడదు.

నా భార్య ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తోంది. ఎడమ పాదం ఇంకా సరిగ్గా లేవదు. మిషన్‌కి మోటారు పెట్టించాం, కాలితో తొక్కే పని లేకుండా. ఆగిన ఆ నలుగురి జాకెట్లు మొదట కుట్టింది. వంట ఇప్పుడు ఇద్దరం చేస్తున్నాం. నా కూరల్లో ఉప్పు గురించి గొడవ రోజూ ఉంటుంది.

మా విహారంలో ఒక నోటుపుస్తకం పెట్టాం. ఎవరు పగలు కూర్చోగలరు, ఎవరు రాత్రి కూర్చోగలరు, ఎవరు క్యారేజీ పంపగలరు, రక్తం ఏ గ్రూపు అని రాసి ఉంటుంది. ఆడవాళ్ళ వార్డులో రాత్రి మగవాళ్ళకి చోటు ఉండదు కాబట్టి ఉపాసికల పేర్లు విడిగా ఉంటాయి. వాళ్ళు వెళ్ళినప్పుడు వాళ్ళ ఇంట్లో పొయ్యి వెలిగించే మగవాళ్ళ పేర్లు కూడా పక్కనే రాశాం. మీ విహారంలోనూ పెట్టండి. ఒక్క రూపాయి ఖర్చు కాదు.

మంచం పక్కన కూర్చునే రోజు మీకు రాకూడదనే కోరుకుంటాను. వస్తే మాత్రం, "ఏం కాదు" అనే ముందు "నీ దిగులేమిటి?" అని అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి. వచ్చాక లేచి ఆ పని చేసి రండి.

జై భీమ్. నమో బుద్ధాయ.